మస్తానయ్య గోడ, సిద్ధయ్య బూర

మర్రిపాడు దారిలోని ఒక పల్లెలో, మస్తానయ్య కొత్తగా కట్టిన ప్రహరీ గోడ చుట్టూ తిరుగుతున్న సిద్ధయ్యకు చర్చి పాస్టరు జీవరత్నంగారు అడ్డం నిలబడ్డారు.

“ఆగు సిద్ధయ్యా, ఆగు! ఏందిది? ఆరు దినాలుగా ఇంట్లో నోరే తెరవలేదంట! పక్షవాతమేమోనని నీ పెండ్లాం ఆనందమ్మ ఏడస్తా వచ్చింది నా దగ్గరికి.”

“మాట్లాడకూడదు గదా అయ్యగారూ! బైబిల్లో యెహోషువ జనం యెరికో గోడ చుట్టూ ఆరు దినాలు నోరు మూసుకోనే తిరిగినారు. ఏడో దినం బూరలూదతా ఏడు చుట్లు తిరిగినారు, గోడ కూలింది. ఈ పొద్దు నాకు ఏడో దినం.”

“చేతిలో అదేంది?”

“బూర. షావలిది.”

“ఐసుఫ్రూట్ల షావలిదా?”

“వాళ్ళూదింది పొట్టేలు కొమ్ము, అది నాకు దొరకలా. దీన్ని ఊదితే గోడ కదల్లేదు గానీ, పిల్లకాయలంతా పైసలు పట్టుకోని పరిగెత్తుకొచ్చినారు.”

“ఈ తిరుగుడెందుకు? మస్తానయ్యనే అడగొచ్చు గదా!”

“అడిగినా. నా బండిబాట మీద గోడ కట్టినావే అంటే, కట్టినా అన్నాడు. చెనక్కాయలు చేలోనే కుప్పేసి ఉండాయి. వానొచ్చిందంటే అన్నీ మొలకలే. నా గతేంది?”

“అయ్యో... సరే, నేనొచ్చి మాట్లాడతా. ముందు వాక్యం అర్థం చేసుకోవడం నేర్చుకో. తిరగమని దేవుడు ఎవరితో చెప్పినాడు?”

“యెహోషువతో.”

“నువ్వు యెహోషువవా?”

“సిద్ధయ్యని.”

“ఇది యెరికోనా?”

“ఆత్మకూరు తాలూకా.”

“అదీ! ఎవరితో చెప్పినాడు, ఎప్పుడు, ఎందుకు చెప్పినాడు... అవేవీ చూసుకోకుండా కనపడిన వాక్యమల్లా నెత్తికెత్తుకోకూడదు.”

“కళ్ళు తెరిపించినారయ్యా! ఇన్నాళ్ళూ గుడ్డోడిలాగా చదివినా. ఒక్క మాట అడగనా?”

“అడుగు, అడుగు. అడిగితేనే గదా తెలిసేది.”

“మందలో తొలిచూలు పిల్ల నాదే అని దేవుడు ఎవరితో చెప్పినాడు?”

“మోషేతో.”

“నేను మోషేనా?”

“కాదు... ఎందుకు?”

“మా మేక తొలిచూలు పోతును పొద్దన్నే మీ ఇంటి ముందర కట్టేసొచ్చినా. పోయి విప్పుకుంటా.”

“ఇంట్లో మా ఆవిడ మసాలా నూరేసింది సిద్ధయ్యా!”

“దేవుడు నాతో చెప్పింది కాదు గదయ్యా.”

“...ఆ బూర ఇట్టియ్యి. ఇంకా ఎన్ని చుట్లుండాయి?”