పేరు చెప్తే కలిసే ఫోన్

నాచారంలోని రెండు గదుల ఇంట్లో, ఉద్యోగం వచ్చిందని మెసేజ్ చూడగానే కొత్త కోడలు పరుగెత్తి వెళ్లి భర్త నానమ్మను వాటేసుకుంది.

“నానమ్మా, రేపే రమ్మన్నరు. ఇగ పగలంతా నువ్వొక్కదానివే ఉంటవు. నౌకరి వస్తదని ముందే ఉప్పల్ల ఈ చిన్న ఫోన్ కొనిపెట్టిన. నంబర్లు కనబడకున్నా ఫికర్ లేదు. ఈ పెద్ద బటన్ నొక్కి ‘తిరుపతి’ అను, నీ మనవడికి పోతది.”

“నేననను.”

“ఎందుకు?”

“అది మీ తాత పేరు గదా. మొగని పేరు నోట్లకెల్లి ఎట్ల తీస్త?”

“తాత పోయి పన్నెండేండ్లాయె.”

“మనిషి పోయిండు. పేరు పోయిందా?”

“నేను మా ఆయన పేరు రోజుకు వందసార్లంట.”

“నీకు సిగ్గు లేదు.”

“సరే, నీ మనవడిని నువ్వెట్ల పిలుస్తవో గట్లనే ఫోన్ల రాసిన. ఇప్పుడను.”

“ఓ బిడ్డా.”

“అర్థం కాలేదంటుంది. మళ్ల అను.”

“ఓ బిడ్డా, జర ఇటు రా.”

“ఊహూఁ. నీ మాట దీనికి తెలుస్తలేదు.”

“దానికి పేర్లే తెలుసు, పిలుపు తెల్వదు.”

“ఒక్కసారి మెల్లగనన్నా తాత పేరను. నేను చెవులు మూసుకుంట.”

“నా చెవులెవరు మూస్తరు?”

“మరేం జెయ్యాలె? నౌకరి వద్దననా?”

“ఎందుకంటవు? ఎత్తుడైతే వస్తది నాకు. రేపు పన్నెండింటికి నువ్వే ఫోన్ జెయ్యి.”

“ఆ లోపల నీకేమన్నయితే?”

“పన్నెండుదాంక ఏం గాకుండ సూసుకుంట.”