కల్హేర్ సంతలో కల్లు ధర నిలబెట్టిన సంగప్ప గారు

ఫసలీ 1325వ సంవత్సరం ఆజూరు మాసం మొదటి తేదీన శ్రీ సంగప్ప గారు నారాయణఖేడ్ ఆబ్కారీ కచేరీలో లెక్కలు రాసే అహల్కారుగా ప్రవేశించారు. కంచే చేను మేసే ఈ లోకంలో, కల్లు సారా దుకాణాలపై అజమాయిషీ చేసే కొలువులో ఉండి, పదవీ విరమణ పొందే నేటి వరకు చుక్కైనా నోట వేసుకోని మహానుభావులు వారు. ఈ విషయంలో కచేరీలోని తక్కినవారి గురించి ప్రస్తావించకపోవడమే మర్యాద.

అనంతరం కంగ్టి సరిహద్దు చౌకీలో కొన్నేళ్లు ఎండనక వాననక పనిచేసి, కన్నడ సీమ నుంచి దొంగచాటుగా వచ్చే సారాను అరికట్టి, దరోగాగా ఉన్నతి పొందారు. కోపం వారి ముక్కు మీదే ఉండేది. అయితే అది ముక్కు దిగి మనసులోకి ఏనాడూ పోలేదు.

వారు దరోగాగా కల్హేర్ బాధ్యత స్వీకరించేనాటికి అక్కడ ఇద్దరు కల్లు గుత్తేదార్లు పంతానికి పోయి, ఒకరిని మించి ఒకరు ధర దించుతున్నారు. చివరికి మజ్జిగ కంటే కల్లు చౌకైంది. సంతకు వెళ్లిన మగవాళ్లు దుకాణాల ముందే పడిపోతుంటే, ఆడవాళ్లు బండ్లు కట్టుకొని వచ్చి మోసుకుపోవలసి వచ్చేది. అది చూడలేక సంగప్ప గారు, సర్కారే కనిష్ఠ ధర నిర్ణయించాలనీ, అంతకు తక్కువకు ఎవరూ అమ్మరాదనీ పై అధికారులకు విన్నవించారు.

"తాగేటోడు ఎట్లైనా తాగుతడు సంగప్పా! ధర పెంచితే పేదోని కడుపే కాలుతది" అని తోటి ఉద్యోగి జగన్నాథ్ గారు వాదించారు.

"మానుతడని నేనంటలేను. రెండో ముంతకు జర సోంచాయిస్తడు. గంతే చాలు" అన్నారు సంగప్ప గారు.

ఒక ఏడాది పరీక్షగా అనుమతి లభించింది. ఏ దుకాణంలో తక్కువకు అమ్మినట్టు తేలినా కట్టడి రద్దవుతుందన్నది షరతు.

పోచమ్మ పండుగనాడు ఆ షరతే మెడకు చుట్టుకుంది. కాశమ్మ అనే ముసలమ్మకు దుకాణదారు మొగులయ్య సగం ధరకే ముంతెడు కల్లు పోస్తూ సంగప్ప గారి కంట పడ్డాడు. కాశమ్మ చంకలో ఏడాది మనుమరాలు. అమ్మవారు పోసి బతికి బయటపడిన ఆ పసిదాని కోసం పోచమ్మ తల్లి ముందు కల్లు ధారగా సాక పోస్తానని ఆమె మొక్కుకుంది.

"పాపమని పోస్తున్న సారూ" అన్నాడు మొగులయ్య.

"నీకు పాపమనిపిచ్చింది. ఎదుటి దుకాణపోనికి రేపు ఊరందరి మీద పాపమనిపిస్తది. ముంత దించు!" అని గద్దించి, తక్కువ పడిన పైసలు తీయడానికి సంగప్ప గారు జేబులో చెయ్యి పెట్టారు.

కాశమ్మ ఒప్పుకోలేదు. "మొక్కింది నేను. పైసలు నీవైతే అమ్మ తీస్కుంటదా? పని ఉంటే చెప్పు, చేస్త."

వారు జేబులోంచి చెయ్యి తీశారు. కచేరీ వసారా అలకమన్నారు. మరి పిల్లను పట్టుకునేదెవరు? ఆ పూట ఫిర్యాదులతో వచ్చిన గుత్తేదార్లిద్దరూ చూసిన దృశ్యమిది: వసారాలో కాశమ్మ పేడతో అలుకుతున్నది, బయట దరోగా సాహెబ్ పసిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని, అది మీసం పీకుతుంటే కళ్లనీళ్లు పెట్టుకుంటూ ఫిర్యాదులు వింటున్నారు. సాయంత్రానికి కాశమ్మ తన కూలి పైసలతో, నిండు ధరకు కొని, సాక పోసింది.

ఏడాది ముగిశాక విచారణకు పై అధికారి కల్హేర్ వచ్చారు. ధర ఎత్తేయాలని మగవాళ్లంతా ఒక్క గొంతుతో అరిచారు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని వెనక నిలబడ్డారు. సంగప్ప గారి ముఖం వాడిపోయింది. అప్పుడు కాశమ్మ ముందుకొచ్చింది.

"ధర పెరిగి అందరికంటె పరేషానైంది నేనే సారూ. వసారా అలికి సాక పోసుకున్న. అయినా ఉండనియ్యి. నా కొడుకు సంతనాడు తన కాళ్ల మీద ఇంటికొస్తుండు. బిడ్డను పక్కన కూసోబెట్టుకొని బువ్వ తింటుండు."

ఆమె వెనక ఇంకొక ఆడమనిషి, ఆ వెనక మరొకరు నోరు విప్పారు. కట్టడి నిలిచింది. జగన్నాథ్ గారి వాదంలో సత్యం లేకపోలేదు. సర్కారు వేసే ధర పేదల మీద భారమే. ఆ భారం మోసిన మనిషే కావాలన్నప్పుడు కాదనడానికి మనమెవరం?

వీడ్కోలు సన్నాహాల్లో వారి సతీమణి విజయమ్మ గారిని, విశ్రాంత జీవితంలో ఏమి కోరుకుంటున్నారని అడిగాం. "సంతనాడు ఆయన ఎన్నడు ఇంట్ల ఉన్నడు? దుకాణాల కాడనే కావలి. ఊరోళ్ల మొగోళ్లను ఇండ్లకు తోలిండు, నేను ఒక్కదాన్నే తిని పండిన" అని ఆమె నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నారు.

కనుక సంగప్ప గారూ, భగవంతుడు తమకు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, నిండు నూరేళ్ల ఆయుష్షునూ ప్రసాదించుగాక. వచ్చే సంత రోజున దీపాలు పెట్టే వేళకు తాము ఇంట ఉండాలి. విజయమ్మ గారు రెండు కంచాలు పెడతారు.