కోదాడ టీచరమ్మ ఇచ్చిన రెండు చుక్కలు

తలుపు ఎయ్యకున్రి టీచరమ్మా, జర ఆగున్రి! కొట్లాటకే వస్తే ఒక్కదాన్ని వస్తనా? మా ఆడిబిడ్డలు నలుగురున్నరు, ఆటోల ఎక్కించుకొని రాకపోదునా? సూడున్రి, నా చేతుల కట్టె లేదు, కర్ర లేదు. ఒక్క సంచి ఉంది, గంతే.

అబ్బబ్బ, ఏం ఎండ ఇది! సూర్యాపేటల బస్సెక్కినప్పటి సంది నిలబడే వచ్చిన. మునగాల దాటినంక ఒక సీటు దొరికిందా, కూసుండి కొంగు సవరించుకునేలోపల కోదాడ రానే వచ్చె. గీ గద్దె మీద కూసోవచ్చునా? మీరు గట్ల గుడ్లురిమి సూస్తే కూసోను మరి. ...ఆఁ, సల్లగుండున్రి తల్లీ.

నేనెవరంటరా? గదే చెప్పబోతున్న. యశోదను. సూర్యాపేట, యశోద తొక్కులు.

గదీ! ఇప్పుడు మారింది సూడు మీ ముఖం! యాదికొచ్చిందా? పోయిన నెల అరకిలో మటన్ తొక్కు తెప్పించుకున్నరు. తిన్నరు. తిని ఊకున్నరా? మా వెబ్‌సైట్లకు పోయి, ఐదు చుక్కలున్న కాడ రెండు నొక్కి, కింద డబ్బల రాసిన్రు. ఏం రాసిన్రో చెప్పాల్నా? నాకు కంఠతా వస్తది. "ఉప్పు విపరీతం. ముక్క బాగుంది. ఫోటో ఇంకా బాగుంది. చేసినవారు పంపే ముందు ఒక్కసారి రుచి చూసి ఉంటే బాగుండేది."

పేరు రాయలే గదా, ఎట్ల పట్టుకున్నవ్ అంటరా? అయ్యో, తొక్కులమ్మెటోళ్లకు గామాత్రం తెలివి ఉండదా? చుక్కల పక్కన ఊరు కోదాడ అని పడ్డది, ఆ నెల కోదాడకు వచ్చిన పార్సిళ్లు మూడంటే మూడే. మొదటిది మందుల దుకాణపాయనది. నన్ను సూడంగనే గజగజ వణికిండు. "అమ్మా, నేను ఐదు నొక్కిన, ఐదు!" అని ఫోన్ తీసి సూపెట్టిండు. పైకెల్లి భయానికి ఇంకో కిలో రాయించిండు. రెండో ఇంటోళ్లు డబ్బ మూతే తియ్యలే. అల్లుడొచ్చినప్పుడు తీస్తరట. అల్లుడు ఎప్పుడొస్తడో ఆ దేవునికే తెల్వాలె.

ఆ రెండో ఇంటామెనే మీ సందు సూపెట్టింది. "గట్ల కొమ్ములు, పొల్లులు తప్పు పోకుండ రాసేది ఈ వాడల లీలావతి టీచర్ ఒక్కతే" అన్నది. ముప్పై ఏండ్లు పిల్లలకు మార్కులేసిన చెయ్యి అట గదా మీది! మీ చేతుల ఐదుకు రెండొచ్చినయంటే, పాస్ చేసిన్రా, ఫెయిల్ చేసిన్రా? ...ఫెయిలేనా? మొహమాటం జర గూడ లేదు మీకు.

కోపమా నాకు? కోపం కాదు టీచరమ్మా. జర మొదటికెల్లి వినున్రి.

మాది చివ్వెంల. మా ఆయనకు గొర్ల మంద ఉండె. నా చేతి మటన్ తొక్కంటే మా దిక్కు మస్తు పేరు. పెండ్లికి ఇంత, పురుడుకు ఇంత, దుబాయి పోయెటోనికి ఇంత. అందరు "అమ్మరాదే, అమ్మరాదే" అని నన్ను ఎగేసిన్రు. నేను ఎగిరిన. మంద సగం అమ్మినం. సూర్యాపేటల షట్టర్ కిరాయికి తీసుకున్నం, మూతలు బిగించే మిషిను తెచ్చినం. మా కోడలు నవనీత చీరల దుకాణంల నౌకరి ఇడిసిపెట్టి వచ్చి నా పక్కన కూసున్నది. మా చెల్లె కొడుకు నగేష్ కంప్యూటర్ పని చేస్తడు. వాడు వెబ్‌సైట్ తయారు చేసిండు. ఏం వెబ్‌సైటమ్మా! తెరవంగనే నేను నవ్వుకుంట జాడి పట్టుకొని నిలబడ్డ ఫోటో. నా పెండ్లిల గూడ గంత మంచిగ దియ్యలే.

మొదట్ల ఆర్డర్లు దబదబ వచ్చినయి. ఒక్కపూట ఖాళీ లేదు. అటెన్క సంవత్సరానికి నగేష్ ఒక బొమ్మ సూపెట్టిండు, గీతలు గీతలు ఉన్నది. "పెద్దమ్మా, కొత్తోళ్లు వస్తున్నరు. ఒకసారి కొన్నోళ్లు మళ్ల వస్తలేరు. గిట్లనే ఉంటే దసరా వరకు షట్టర్ దించుడే" అన్నడు. మిగిలిన సగం మంద గూడ పోతదా అని మా ఆయన రెండు రోజులు నాతోని మాట్లాడలే.

"ఏం లోపమున్నదిరా?" అంటే, "వెబ్‌సైట్లనే ఉన్నది పెద్దమ్మా. కస్టమర్లను అడుగుదాం, వాళ్లే చెప్తరు" అన్నడు. గట్ల పెట్టిండు ఆ చుక్కలు, ఆ డబ్బ. నేను ఊకుంటనా? సూర్యాపేట, మోతె, ఆత్మకూరు, మిర్యాలగూడ, ఎక్కడెక్కడ చుట్టాలున్నరో, ఎవరెవరు కొన్నరో అందరికి పంపిన. "చుక్కలు నొక్కున్రి, మనసుల మాట రాయిన్రి" అన్న.

గాడనే తప్పు జరిగె.

మనోళ్లు ఏమనుకున్నరో తెలుసునా? కట్నం సదివించుడు అనుకున్నరు! పెండ్లిల మైకుల సదువుతరు సూడున్రి, ఫలానా ఊరు, ఫలానాయన, ఇంత అని. అచ్చం గట్లనే. "ఆత్మకూరు కాడికెల్లి మీ చిన్నాయన, ఐదు చుక్కలు." "మిర్యాలగూడ మేనత్త, ఐదు చుక్కలు, పిల్లల తరఫున ఇంకో ఐదు." ఒకామె రాత్రి ఫోన్ జేసింది. "వదినా, పది నొక్కుదామంటే ఐదుకాడనే ఆగిపోతంది, తక్కువైందని ఏమనుకోకు" అని ఏడుపొక్కటే తక్కువ.

మోతె దిక్కు తండల బాల్యా అని మా ఆయనకు దోస్తు. గొర్ల బేరంల కలిసిన్రు, ఇరవై ఏండ్ల దోస్తానా. ఆయన మూడే నొక్కిండు. నాకు పాణం లేచొచ్చింది! ఒక్కడన్న నిజం చెప్పిండు అనుకున్న. ఎంటనే ఫోన్ జేసిన. "అన్నా, తొక్కుల ఏం లోపముంది, దాసకుండ చెప్పు" అన్న. "అయ్యో, లోపమెక్కడిది చెల్లె? మా బిడ్డ చాందీ పెండ్లికి మీ ఇంటికెల్లి ముగ్గురే వచ్చిన్రు గదా" అన్నడు!

నవ్వుతున్నరా? నవ్వున్రి, నవ్వున్రి. ఆ డబ్బల రాసినయి వింటే ఇంకింత నవ్వుతరు. ఒకాయన "పొట్టేలు పిల్ల ఉంటే చెప్పున్రి" అని రాసిండు. ఒకామె "మా సుకన్యకు మంచి సంబంధముంటే సూడు వదినా" అని పిల్ల ఫోటో గూడ పెట్టింది. మిర్యాలగూడ రైస్‌మిల్లు గుమాస్తా ఒకడు, "కొనే గుండీ ఎర్రగుంది, సూస్తే భయమైతంది" అన్నడు. నగేష్ దాన్ని పచ్చగ జేసిండు. ఇంకొకాయన కండ్లకు ఆనుతలేదన్నడు, అచ్చరాలు పెద్దగ జేసిండు. ఆర్డరిస్తే గంట మోగేటట్టు పెట్టిండు. వారం రోజులు వానికి నిద్ర లేదు పాపం. గుండీ రంగు మారింది, గంట మోగింది, మళ్లొచ్చినోడు మాత్రం ఒక్కడు లేడు.

గప్పుడు వచ్చినయి టీచరమ్మా, మీ రెండు చుక్కలు.

నగేష్ తుడిపేస్తనన్నడు. "ఎవరో గిట్టనోళ్లు రాసిన్రు పెద్దమ్మా" అన్నడు. చెయ్యి పట్టుకొని ఆపిన. "ముట్టకు బిడ్డా, రెండువందల మందిల ఇది ఒక్కటే మనిషి రాసినట్టున్నది" అన్న.

మా ఇంట్ల సంగతి గూడ చెప్త వినున్రి. నాకు అనుమానమొచ్చి ఒక దినం పప్పుల ఉప్పు ఎయ్యలే. కావాల్నని ఎయ్యలే! చిటికెడు గూడ ఎయ్యలే. మా ఆయన ముందల పెట్టిన. గిన్నె నాకినట్టు తిన్నడు. "ఎట్లుందయ్యా?" అంటే "మంచిగుందే" అన్నడు. ముప్పై రెండేండ్ల సంది గదే మాట. లగ్గమైన కొత్తల అన్నం మాడబెడితే గూడ గదే అన్నడు. ఇగ నవనీతను పిలిచి పెట్టిన. పిల్ల ఒక బుక్క పెట్టుకున్నది, నన్ను సూసింది, మింగింది. "మస్తుగుంది అత్తమ్మా" అన్నది! ఇంట్లనే నిజం పుట్టకపోతే వెబ్‌సైట్ల యాడికెల్లి పుడుతది చెప్పున్రి? నోరున్నది తినడానికేనా, చెప్పడానికి కాదా? ఎదుటోళ్లు బాధపడుతరని అబద్ధమాడుతరా ఎవరన్న? గదేం మర్యాద? నాకైతే పాణం పోయినా రాదు టీచరమ్మా, ఉన్నదున్నట్టు అంటే అన్నట్టే!

మాట్లాడి మాట్లాడి గొంతెండిపాయె. ...మజ్జిగనా? ఎందుకమ్మా గీ తిప్పలు మీకు... ఇయ్యున్రి, ఇయ్యున్రి, కాదనను.

హమ్మయ్య. పాణం నిమ్మళమైంది. ఎంత మంచిగుంది మజ్జిగ! నిమ్మాకు వాసన, ఉప్పు సరిగ్గ కుదిరింది. మీ చేతుల ఏం మహిమున్నదో గని గసుంటి మజ్జిగ నేను తాగనే లేదు.

...ఏంది, గట్ల సూస్తున్నరు?

మీ చేతుల ఏంది, డబ్బ? ఉప్పు డబ్బనా? ...ఇంకా ఎయ్యలేదా? మజ్జిగల ఉప్పే ఎయ్యలేదా మీరు? ఎంత పడుతదో అడిగి ఏద్దామని లోపలికి పోయి తెచ్చిన్రా?

...

ఇగ దాసేదేముంది. దొరికిపోయిన. ఇంత దాక మా ఆయనను తిట్టిన, కోడలిని తిట్టిన, నేను జేసిందేంది? గదే అబద్ధం, గంతకన్న తియ్యగ.

చెప్త టీచరమ్మా. ఎవ్వరికి చెప్పలే, మా ఆయనకు గూడ తెల్వది. పోయిన ఏడు జరమొచ్చింది నాకు. వారం పండుకున్న, లేచిన, అంత మంచిగనే అయింది. నాలుక ఒక్కటి మాత్రం మళ్ల రాలే. ఉప్పు లేదు, పులుపు లేదు, తీపి లేదు. కారమొక్కటే తెలుస్తది, అది గూడ రుచి కాదు, మంట. అన్నం తింటే అట్టముక్క నమిలినట్టే ఉంటది. పెద్ద దవాఖానల గూడ సూపెట్టుకున్న, గుడికి పోతున్న అని ఇంట్ల చెప్పి. "వస్తే వస్తది, ఓపిక పట్టాలె" అన్నడు డాక్టరు. పడుతున్న. వస్తలేదు.

గ్లాసు కొలత పెట్టుకోవచ్చు గదా అంటరా? పెట్టి సూసిన. ఒక గొర్రె ముక్క నీళ్లు ఎక్కువిడుస్తది, ఒకటి తక్కువిడుస్తది. ఒక నిమ్మకాయ పుల్లగుంటది, ఒకటి నీళ్లోలె ఉంటది. నాది చేతి అందాజ. చెయ్యి ఏస్తది, నాలుక సరిజూస్తది, గట్లనే నడిచింది ఇన్నేండ్లు. ఇప్పుడు చెయ్యి ఒక్కటే ఉన్నది, ఏసిందో ఎయ్యలేదో దానికి నమ్మకం లేదు. తక్కువైందేమో అని మళ్ల ఏస్తది.

కోడలికి చెప్తే పాయె గదా అంటరు. ఎట్ల చెప్పాలె? యశోద చేతి రుచి అని గదా మంద అమ్మినం! ఆ పిల్ల నా పేరు సూసి గదా నౌకరి ఇడిసిపెట్టింది! యశోదకు రుచే తెల్వదంటే ఇంకేం మిగుల్తది? సిగ్గైతది టీచరమ్మా. భయమైతది.

గందుకే ఈ చుక్కల ఎంబడి పడ్డ. గుండీ రంగు కోసం కాదు. నగేష్‌కు ఏం తెల్సు? ఎవరన్న ఒక్కరు, "ఉప్పు ఎక్కువైంది, తక్కువైంది" అని రాస్తరేమో, దాన్ని పట్టుకొని సరిజేసుకుందామని. మీరు రాసిన ఆ ఆఖరు ముక్క, రుచి సూసి పంపాలె అన్నది, గది సదివి వంటింట్ల గోడకానుకొని ఏడ్చిన. సూసిన తల్లీ, ప్రతిసారి సూసిన. తెలుస్తలేదు, ఏం జెయ్యాలె?

ఊకున్రి, మీ కండ్లల్ల నీళ్లేంది? ముప్పై ఏండ్లు పిల్లలను ఏడిపించినోళ్లు మీరు!

ఇగో, సంచి ఇందుకే తెచ్చిన. గీ చిన్న డబ్బ, నిన్న పెట్టిన తొక్కు. ఒక్క ముక్క నోట్లేసుకోన్రి. ప్రతి వంటకు ఇట్లనే ఒక డబ్బ బస్సుల పంపిస్త, తిని ఫోన్ల ఉన్నమాట చెప్పున్రి. ఇగ ఇప్పటిసంది మీరు సరే అంటేనే మూత బిగిస్త. ఏమంటరు? ...ముందుగల తినున్రి, అటెన్క అందురు గని.

ఆఁ, నమలున్రి. నిమ్మళంగ నమలున్రి.

...ఏంది? ఏమైంది? ముఖం గట్ల పెడుతున్నరేంది? ...నీళ్లా? గీ మజ్జిగ మిగిలింది, తాగున్రి, తాగున్రి. గంత ఘోరమా? పోయినసారి కన్న ఎక్కువనా? ...ఇంకింత ఎక్కువనా!

నవ్వుడు కాదు టీచరమ్మా, ఏడుపు రాక నవ్వుతున్న. పొద్దుగాలనే మిర్యాలగూడకు ఇరవై డబ్బలు పోయినయి, గీ వంటకెల్లే. ఎవరింట్లనో ఫంక్షనట, తొందరబెట్టిన్రు. పొద్దుమూకేవరకు ముడుతయి.

ఏమైతదా? ఏం గాదు. ఇంటిల్లిపాది తింటరు, నీళ్లు తాగుతరు, "మస్తుగుంది యశోదక్కా" అని రాస్తరు. ఇగ జన్మల నా దగ్గర కొనరు.