సుదర్శన్ తిప్పిన బేరింగు

జనగామ బస్టాండు వెనక గట్టమ్మ చాయ్ హోటల్లో ఉన్నవి రెండే బెంచీలు. ఒకటి చాయ్ తాగేవాళ్లకు, ఇంకొకటి సుదర్శన్‌కు. అతను కూర్చున్నాడంటే ఆ బెంచీ మీద మరొకరికి చోటుండదు. మనిషి లావని కాదు, చేతులు బార్లా చాపి ఊపుకుంటూ మాట్లాడతాడని.

ఆ మధ్యాహ్నం ఆ చేతులకు ఎదురుగా నవ్య కూర్చుంది. వర్క్‌షాపు నుంచి గ్రీజు చేతులతోనే వచ్చింది. భూపాలపల్లి బొగ్గుబావుల్లో బొగ్గు మోసే బెల్టు ఉంటుంది కదా, దాని కింద తిరిగే రోలర్లు ఆమె చేస్తుంది. రోలరు తిరగాలంటే రెండు కొసల్లోనూ బేరింగు ఉండాలి. అవి మాత్రం బయట కొనాల్సిందే. సుదర్శన్ అమ్మేది వాటినే.

వానాకాలమంతా రోలర్లు అందించే ఆర్డరు సదానందం అనే కాంట్రాక్టరు చేతిలో ఉంది. అది దొరక్కపోతే వర్క్‌షాపుకు తాళమే. సదానందం ఒకటే మాట అడిగాడు. బేరింగులు ఎవరి దగ్గర కొంటావో రెండు పేర్లు చెప్పు, ఒకరి దారి మూసుకుపోయినా ఇంకొకరి దారి తెరిచి ఉండాలి, ఈ పూట తేల్చు అన్నాడు. జనగామలో సుదర్శన్, మానుకోటలో లక్ష్మీకాంత్ అని నవ్య అనుకుంది. అనుకున్నా ధీమా కుదరలేదు. నిరుడు ఆ ఆర్డరు వేరేవాళ్లది. వరదలప్పుడు వాళ్లకు బేరింగులు అందలేదు. ఆగిపోయిన రోలర్ల మీదే బెల్టు ఒరుసుకుంటూ నడిచింది, వేడెక్కింది, పొగ లేచింది. ఆ బెల్టు పక్కన డ్యూటీలో ఉన్నది ఆమె మొగుడు జైపాల్. ఇప్పటికీ అతని డ్యూటీ అక్కడే.

“వానలకు తొవ్వలు బందైతే నీ సరుకు ఎట్లొస్తది అన్నా?” అని అడిగింది.

అడగడమే ఆలస్యం, సుదర్శన్ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

“ఎట్లొస్తదా? గదేం మాట చెల్లె! నిరుడు వరద యాదికున్నదా? మానుకోట దిక్కు రోడ్లు తెగినయి, పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది. గప్పుడు నేనేం చేసిన? పెద్ద ముచ్చటేం గాదు. ఒక డబ్బా బేరింగులు బండికి కట్టుకున్న, రెయిన్‌కోటు తొడుక్కున్న, ఎల్లిన. గంతే.”

“గంతేనా?” అన్నాడు చోటు లేక నిలబడే చాయ్ తాగుతున్న రాజలింగు. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మనిషి. సుదర్శన్‌ను ఎగదోసే పని ఎప్పుడూ ఆయనదే.

“గంతే అంటే గంతేనా కాకా! కొడకండ్ల దాటినంక వాగు అడ్డమొచ్చింది. కల్వర్టు లేదు. ఏడవోయిందని ఒక ముసలాయనను అడిగితే, గిప్పుడే నీ ముంగట్నుంచే పాయె గద బిడ్డా అన్నడు. బండిని ఆడనే ఇడిసిపెట్టిన. బేరింగులన్ని తాడుకు గుచ్చి మెడల దండ లెక్క ఏసుకున్న, దునికిన. ఇనుము మునగాలె గద? మునగలే! నా సరుకు గసొంటిది, నీళ్లల్ల గూడ తిరుగుతది. అవి గిర్రగిర్ర తిరుగుతున్నయి, నేను మోటరు పడవ లెక్క పోతున్న. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?”

“మునిగినవా?” ఆశగా అడిగింది గట్టమ్మ.

“మానుకోటల తేలిన అవ్వా! చూస్తే పట్టాలు దండెం లెక్క గాలిల యాలాడుతున్నయి. అవతల రైలు ఆగింది, నిండ మంది, ఒకటే ఏడుపులు. డ్రైవరు నన్ను జూసి, సుదర్శనన్నా జర కాపాడు అన్నడు.”

“నీ పేరు వానికెట్ల ఎరుక?” అన్నాడు రాజలింగు.

“బేరింగులు అమ్మేటోని పేరు రైలు నడిపేటోనికి ఎరుకుండదా? మెడల దండ ఇప్పిన, చక్రాలకు ఎక్కించిన, గీ ఎడమ చెయ్యితోటి ఇట్ల నూకిన. రైలు గాలిల పట్టాల మీదికెళ్లి సర్రున జారింది. ఇగ ఆగుతలేదు! నేనే వెనకనుంచి ఉరికి, పట్టుకొని, స్టేషన్ల నిలవెట్టిన.”

నవ్య ఫోను మోగింది. సదానందం. “ఏందమ్మా, ఇంకెంతసేపు? రెండు పేర్లు చెప్తవా, ఆర్డరు ఇంకొకలకు ఇచ్చుకోమంటవా?” అన్నాడు. “జర ఆగుండ్రి సార్, నేనే ఫోను చేస్త” అని పెట్టేసింది.

“అన్నా, నేను అడిగిందానికి చెప్పు.”

“గదే చెప్తున్న గద! ఆడికెళ్లి భూపాలపల్లి వోయిన. బెల్టు ఆగింది. బెల్టు ఆగితే బొగ్గు లేదు, బొగ్గు లేకుంటే కరెంటు లేదు, కరెంటు లేకుంటే రాష్ట్రమంత చీకటి. పెద్ద పెద్ద ఇంజనీర్లు పరేషాన్‌ల నెత్తి పట్టుకొని కూసున్నరు. నా తాన ఒక్కటే బేరింగు మిగిలింది. రోలరుకు ఎక్కించిన. గీ వేలుతోటి ఒక్క తిప్పు తిప్పిన. బెల్టు కదిలింది, బొగ్గు కదిలింది, హైదరాబాదుల లైట్లు వెలిగినయి! నిరుడు తిప్పిన బేరింగు చెల్లె, మళ్ల ఎవ్వలు ముట్టలే, గిప్పటిదాక తిరుగుతనే ఉన్నది!”

వేలు పైకెత్తి అలాగే పట్టుకున్నాడు. రాజలింగు పడీపడీ నవ్వాడు. నవ్యకు నవ్వు రాలేదు.

“గప్పుడు మానుకోట లక్ష్మీకాంతన్న ఏం చేస్తుండె?”

“వాడా! నా గోదాం గడపల కూసొని, అన్నా ఒక్క డబ్బా ఇయ్యి అని బతిలాడవట్టె. వానిదేమున్నది చెల్లె? డబ్బా మీది స్టిక్కరు వానిది, లోపల సరుకు నాది. గప్పుడు గట్లనే, గిప్పుడూ గట్లనే. గీ మూడు జిల్లాలల్ల ఏ దుకాణంల బేరింగు కొన్నా అది నా గడప దాటిందే!”

నిజమేనా అన్నట్టు నవ్య చప్పున గట్టమ్మ వైపు చూసింది.

“గిదొక్కటి మాత్రం కోత గాదు బిడ్డా” అంది గట్టమ్మ. “మానుకోట లక్ష్మీకాంత్ ట్రాలీ నా హోటలు ముంగట్నే నిలవడ్తది. ఈయన గోదాంలకెళ్లి నింపుకొని పోతది, నేను చూస్తనే ఉంట.”

నవ్యకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. నర్మెట్ట దగ్గరి తండాలో ఆమె బాపు మోతీ ఒక ఏడు ఇలాగే తెలివి చూపాడు. ఒక్క దుకాణాన్నే నమ్ముకోవద్దని పత్తి విత్తనాలు సగం ఒకచోట, సగం ఇంకోచోట కొన్నాడు. రెండు చేన్లూ ఏపుగా పెరిగాయి, రెంటిలోనూ కాయ పట్టలేదు. రెండు దుకాణాల్లోనూ విత్తనం దిగింది ఒక్క లారీలోంచే. బాపు రెండు దుకాణాలు చూశాడు గాని, వాటికి సరుకు ఎక్కడి నుంచి వస్తుందో అడగలేదు. తానూ అదే చేయబోయింది, అదీ జైపాల్ నిలబడే బెల్టు కోసం.

“నిరుడు నీ గోదాం మునగలేదా అన్నా?”

“మునుగుడా? నీళ్లు లోపలికి జొరవడ్తుంటే కుడి చెయ్యి అడ్డం పెట్టి ఆపిన!”

“అవు మరి, ఎడమ చెయ్యి మానుకోటల రైలు నూకవట్టె గద” అన్నాడు రాజలింగు.

గట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో ఫోను మళ్లీ మోగింది. ఈసారి నవ్య అందరి ముందే మాట్లాడింది.

“సార్, నేను చెప్దామనుకున్న రెండు పేర్లు ఒక్కటే పేరు. ఇద్దరిదీ ఒక్కటే గోదాం. రామగుండం దిక్కుకెళ్లి తెచ్చేటోళ్లను దేవులాడి చెప్త. గప్పటిదాక సంతకం పెట్ట.”

“ఆర్డరు పోతది మరి.”

“పోతే పోనియ్యిండ్రి సార్.”

“రేపు పొద్దుగాల దాక చూస్త” అని సదానందం పెట్టేశాడు. నవ్యకు భయం పోలేదు, రేపటికి జరిగిందంతే.

“గదేంది చెల్లె! గింత చెప్పినా నా మీద నమ్మకం లేదా?” అన్నాడు సుదర్శన్. ఎత్తిన వేలు ఇంకా దించలేదు.

“ఎందుకు లేదన్నా? లక్ష్మీకాంతన్న ముచ్చట నమ్మిన. ఇగ గిప్పటిదాక తిరుగుతున్నదన్న ఆ బేరింగు ఏ బెల్టుదో జర చెప్పు. పొగ లేసిన నాటిసంది, మా ఆయన డ్యూటీకి పోతే మళ్ల ఇంటికి వచ్చేదాక నాకు ముద్ద దిగుతలేదు. రేపటిసంది ఆయనను దాని పక్కన్నే నిలవడుమంట.”

సుదర్శన్ వేలు మెల్లగా ముడుచుకుంది. రెండు చేతులూ ఒళ్లోకి వచ్చి చేరాయి. బెంచీ మీద ఇంకో మనిషికి చోటు దొరికింది, రాజలింగు పోయి అక్కడ కూర్చున్నాడు.