రాడ్డు విరిగిన రోజు

నెల్లూరులో ఒక ఎముకల ఆసుపత్రి. డాక్టరు గది బయట బెంచీ మీద వనజాక్షి కుడికాలు చాపుకొని కూర్చుంది. పక్కన మొగుడు పెంచలకృష్ణ, అతని ఒళ్ళో ఎక్స్‌రే కవరు.

"పోయిన వారమని చెప్పినావే ఆ సిస్టరుకి?"

"పోయిన వారమే కదయ్యా నొప్పి ఎక్కువైంది."

"నొప్పి సంగతి కాదు ఆమె అడిగింది. రాడ్డు ఎప్పుడు విరిగిందని."

"లోపలుండే ఇనుము ఎప్పుడు విరిగిందో నాకెట్లా తెలుస్తాది? నేనేమన్నా చూసినానా?"

"చూడనక్కర్లా. మడమ కాడ్నించి పిక్క దాకా వేసిన రాడ్డది. రెండు ముక్కలైతే మనిషికి తెలవకుండా పోదన్నాడు డాక్టరు."

"ఆయనకేం, కుర్చీలో కూర్చొని ఎన్నైనా అంటాడు."

"వనజా."

"ఏంది?"

"నా మొగాన చూసి చెప్పు."

"నీ మొగంలో ఏముందయ్యా కొత్తగా చూసేదానికి? పో, టీ తాగిరా. వాకాడు నుంచి బస్సులో నిలబడే వచ్చినావు."

"నాకొద్దు."

"నాకు కావాల."

"నీకూ వద్దు. ఏమీ తాగనీబాకండి అన్నారు."

"అంటే... ఈరోజే కోస్తారా?"

"చీము పట్టినాక ఈరోజేంది, రేపేంది."

"వనజాక్షి తాలూకు ఎవరు?"

"నేనే సిస్టరమ్మా. ఆమె మొగుణ్ణి."

"డాక్టరు గారు మళ్ళీ అడగమన్నారు. పోయిన వారమంటే నమ్మటం లేదు. విరిగిన చోట ఎముక అరిగిపోయింది, పక్కకు జరిగింది కూడా. వారంలో అంత జరగదు. తిట్టడానికి కాదమ్మా. చీము ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియాలి."

"సిస్టరమ్మా, విరిగిన రోజే ఈమెను తీసుకొచ్చుంటే?"

"ఆ రాడ్డు తీసి ఇంకొంచెం లావుది వేసేవాళ్ళు. ఇప్పుడు రాడ్డు, స్క్రూలు అన్నీ తీసేసి, కాలికి బయట చట్రం బిగించాలి. చీము పోయాక మళ్ళీ ఆపరేషను."

"ఎన్నాళ్ళు పడతాది?"

"ఏడాది అనుకోండి. కాలు నిలిస్తే. ఆలోచించుకొని చెప్పండి, ఐదు నిమిషాల్లో వస్తా."

"నిలిస్తే అనింది."

"ఊ."

"ఏడాదంటయ్యా! మళ్ళా ఆ మంచం. ఆ రేకుల కింద పడుకొని ఆ ఫ్యాను చూస్తా ఉండాల. నువ్వు ఎత్తితే లేస్తా, నువ్వు దించితే కూర్చుంటా. పోయినసారి ఆరు నెలలకే పిచ్చెత్తింది నాకు. వద్దు. పద, ఇంటికి పోదాం."

"ఎట్లా పోతావు? ఏ కాలితో?"

"ఈ కాలితోనే. రెండు నెలలుగా దీంతోనే కదా..."

"ఏమన్నావు?"

"ఏం అన్లా."

"రెండు నెలలన్నావు."

"నోరు జారింది."

"వనజా, చెప్పు."

"చెప్తే ఏం చేస్తావు? కొడతావా?"

"ఎన్నడన్నా కొట్టినానా?"

"కొట్టినా బాగుండు. ఇట్లా నెమ్మదిగా అడగబాకయ్యా, నావల్ల కాదు."

"ఎప్పుడు?"

"చేపల వేట మొదలైన రోజు. నిషేధం అయిపోయి బోట్లన్నీ పోయినాయే, ఆ రోజు. నీకు క్యారేజీ కడదామని లేచినా. డాక్టరిచ్చిన బూటు తొడగలా. వాకరు మంచానికి అవతల ఉండాది. రెండడుగులే కదా అనుకున్నా. రెండో అడుగుకి మడమలో ఫట్‌మనింది. గోడ పట్టుకొని నిలబడిపోయినా."

"నన్ను పిలవలేదే."

"పిలిస్తే పోయేవాడివా? డిసెంబరులో రాడ్డేసిన కాడ్నించి నా కాలి కోసమని సముద్రం మొగం చూడలా నువ్వు. నాకు స్నానం చేయించి, నాకు కూడొండి పెట్టి, వాకిట్లో కూర్చొని ఉత్తపుణ్యానికి ఆ పాత వల విప్పేవాడివి, మళ్ళా అల్లేవాడివి. నేను చూళ్ళేదనుకున్నావా? ఆ తెల్లారి ఈలేసినావు నువ్వు. ఎన్నాళ్ళకో ఈల. దాన్ని నేను ఆపేదా? నోరు రాలేదయ్యా."

"వల సంగతి ఇప్పుడెందుకులే."

"క్యారేజీ కట్టకముందే పోయినావు. బోటు పోతుందని తొందరేమో, అన్నం కూడా మరిచిపోయినావు. మేలే అయింది, నన్ను చూళ్ళేదు అనుకున్నా."

"ఊరుకో."

"రెండు రోజులాగి చెబుదామనుకున్నా. నువ్వు వచ్చేది అలిసిపోయి, పోయేది సంతోషంగా. రోజులు జరిగిపోయినాయి. తిట్టు. నేను దాచబట్టే కదా ఇంత..."

"ఊరుకోమన్నానా!"

"అరవబాక. అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ."

"ఏమ్మా, గుర్తొచ్చిందా?"

"తప్పు నాది సిస్టరమ్మా. ఈయనకేం తెలీదు. నేనే దాచినా. అట్లనే రాసుకోండి."

"తప్పెవరిదో నాకెందుకమ్మా. తేదీ చెప్పండి చాలు."

"తేదీ అంటే... ఏమయ్యా, వేట ఏ రోజు మొదలైంది?"

"జూన్ పదిహేను, సిస్టరమ్మా. తెల్లారి ఐదు కాలేదు ఇంకా."

"టైముతో సహా చెప్తున్నారే! మీకేం తెలీదంటోంది కదా ఆమె?"

"ఆమె చెప్పలా. నేను వాకిట్లో చెప్పులేసుకుంటా ఉండా. ఆ ఫట్‌మనేది విన్నా, సిస్టరమ్మా. వెనక్కి తిరిగితే గోడ పట్టుకోనుండాది. అన్నం అడిగితే లోపలికి పోవాల్సొస్తాదని, అడక్కుండా పోయినా."