వల్లెవేసిన జవాబులు

జ్ఞాపకశక్తి పరీక్ష ముగిశాక పేషెంటు బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల డాక్టరు అతని భార్యతో మాట్లాడుతోంది.

"మీవారికి ఈసారి మార్కులు పెరిగాయమ్మా. మా కొత్త మందు పనిచేస్తున్నట్టుంది."

"మందు కాదు డాక్టరుగారూ. మీ ప్రశ్నలన్నీ గుర్తుపెట్టుకుని, రోజూ పొద్దున్నే నేనే ఆయనతో వల్లెవేయిస్తున్నాను."

"ఎందుకమ్మా అలా?"

"మార్కులు తగ్గితే పరిశోధన నుంచి తీసేస్తామన్నారుగా. మాకింకో దారి లేదు."

"ఇప్పుడు ఆయన ఫలితాలన్నీ కొట్టేయాలి. మందూ ఆపేయాలి."

"తెలుసు. కానీ పనిచేసిందనుకుని మరో నలుగురికి ఇస్తారుగా, అందుకే చెప్పాను."

"ఇంట్లో మిమ్మల్ని గుర్తుపడుతున్నారా?"

"టీచరుగారూ అని పిలుస్తున్నారు. సాయంత్రమైతే, 'మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది, ఇంటికి వెళ్తాను' అని నన్నే సెలవడుగుతున్నారు."