దర్జీ పరుగు

లారీ బోల్తా పడి రోడ్డంతా బళ్ళు ఆగిపోయాయి. మూసి ఉన్న ఒక కొట్టు మెట్ల మీద టోపీ పెట్టుకున్న అమ్మాయి. ఆమె ముందుకి ఒకాయన సంచీ పట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

“కూర్చోండన్నా. ముందు ఊపిరి తీసుకోండి.”

“కూర్చునే టైము లేదమ్మా! పాపని పాము కరిచింది. ఆస్పత్రిలో మందు అయిపోయిందంటే ఊరంతా తిరిగి పట్టుకొచ్చా. తీరా ఆటో ఇక్కడ ఇరుక్కుంది. ఎవర్నడిగినా బండి వదిలి కదలరు... అమ్మా, మీరు... టీవీలో పరుగుల రాణి కదూ!”

“నెమ్మదిగా అన్నా.”

“దేవుడే పంపాడు మిమ్మల్ని! మా పాప గోడ మీద మీ ఫొటోనే. దాని చొక్కాకి మీ నంబరే కుట్టమంటే కుట్టిచ్చా. దర్జీనమ్మా. ఇదిగో సంచీ, పట్టండి. ఆ మెట్ల వంతెన ఎక్కి దిగితే ఆస్పత్రే. మీకెంత, చిటికెలో పని!”

“నేను... నేను పరిగెత్తలేనన్నా.”

“బూట్లు లేవా? నా చెప్పులేసుకోండి!”

“బూట్లు కాదు.”

“మరేంటి? ఎవరైనా చూస్తారనా? నా బిడ్డ చచ్చిపోతోందమ్మా! పతకాల కోసం పరిగెత్తారే, ఈ కాస్త దూరం—”

“మోకాలు పోయిందన్నా! ఇంకోసారి పరిగెత్తితే నడక కూడా ఉండదన్నారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు.”

“అయ్యో... అయితే నా బతుకు తెల్లారినట్టే. పొద్దస్తమానం మిషను ముందు కూర్చునేవాణ్ణి. ఇక్కడిదాకా వచ్చేసరికే గుండె నోట్లోకొచ్చింది.”

“ఫోనిలా ఇవ్వు. నా నంబరు కొట్టాను, చెవి దగ్గర పెట్టుకో. నేను చెప్తా, నువ్వు పరిగెత్తు.”

“నా వల్ల కాదమ్మా!”

“మిషను తొక్కుతావుగా? ఇదీ అంతే. తొక్కుడు ఆపకు. లే!”

*

“వినపడుతోందా? ముక్కుతో పీల్చు. నోటితో వదులు.”

“వంతెన... మెట్లు... చచ్చిపోతా...”

“పైకి చూడకు. ముందున్న మెట్టే చూడు. తొక్కు, తొక్కు!”

“మీకెందుకమ్మా... ఆయాసం?”

“మాట్లాడకు. తొక్కు!”

“కళ్ళు తిరుగుతున్నాయి...”

“తిరగనీ. సంచీ మాత్రం వదలకు. దిగుతున్నావా?”

“దిగా... గేటు... నర్సమ్మా! మందు! ఇదిగో మందు!... ఇచ్చానమ్మా! లోపలికి తీసుకెళ్ళారు! వింటున్నారా? అమ్మా? ఎక్కడున్నారు?”

“వంతెన మెట్ల కింద. ఆస్పత్రి వైపు.”

“ఇటువైపా?”

“నువ్వు పడితే సంచీ ఎవరో ఒకరు అందుకోవాలిగా. నీ వెనకే వచ్చా.”

“పరిగెత్తారా! మీ కాలు!”

“కాలు ఇక లేవదులే. పాప కళ్ళు తెరిచిందా, అది చెప్పన్నా.”